చెయ్యి అతికింది సరే, ఎముక సంగతేమిటి?

ఈ మధ్య ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఇందులోని ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు గనక పేరూ ఊరూ తీసేసి ఇస్తున్నాను.

“నాకు 54 ఏళ్లు. బహిష్టులు ఆగి ఆరేళ్లు దాటింది. మొన్న వేసవిలో పెరట్లో బట్టలు ఆరేస్తూ తడి నేల మీద కాలు జారి, చెయ్యి ఆనించి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి ఆరు వారాలకు విప్పారు. ఇప్పుడు గిన్నెలు ఎత్తగలుగుతున్నాను, చపాతీలు వత్తగలుగుతున్నాను. ‘అతికిపోయింది, ఇంక రానక్కర్లేదు’ అన్నారు. కాని మా పెద్దక్కకూ ఇలాగే ముందు చెయ్యి విరిగింది, పదేళ్ల తరువాత తుంటి విరిగింది. మంచం మీంచి మళ్లీ లేవలేదు. నాకూ అలాగే రాసిపెట్టి ఉందా డాక్టరుగారూ?”

రాసిపెట్టి ఏమీ లేదమ్మా. కాని కట్టు విప్పిన రోజునే ఎవరో ఒకరు మీతో మాట్లాడవలసిన సంగతి ఇది. చెయ్యి అతికింది. అంత చిన్న దెబ్బకు అది ఎందుకు విరిగిందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లవాడు జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఎముకను తప్పుపట్టలేం. స్కూటరును లారీ గుద్దితే కాలు విరగడం కూడా అంతే. కాని నిలబడి ఉన్న మనిషి నేల మీద పడితే గట్టి ఎముక ఆ దెబ్బను తట్టుకోవాలి. తోలు గీరుకుపోతుంది, వాస్తుంది, నాలుగు రోజులు నొప్పి పెడుతుంది, అంతటితో పోవాలి. 50 దాటిన స్త్రీకి అంత మాత్రానికే ఎముక విరిగిందంటే, మరో కారణం తేలేదాకా ఆ ఎముక గుల్లబారిందనే అనుకోవాలి. దీనినే మేము ఆస్టియోపోరోసిస్ అంటాం.

మణికట్టు దగ్గర ఇలా విరిగే తీరును 1814లో డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ వర్ణించాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే ఎనభై ఏళ్ల ముందే చేత్తో తడిమి చూసి రాశాడన్నమాట. నేటికీ దానిని కాలిస్ ఫ్రాక్చరనే అంటాం. అయితే ఎముకలు గుల్లబారడానికీ ముట్లుడగడానికీ సంబంధం ఉందని స్పష్టంగా చెప్పడానికి మరో నూటపాతికేళ్లు పట్టింది. బోస్టనులో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1941లో ఆ సంగతి ప్రకటించాడు.

ఎముకను మనం రాయి అనుకుంటాం. నిజానికి అది ఎప్పుడూ మరమ్మతు జరిగే ఇల్లు. ఒక జట్టు కణాలు పాత ఎముకను కొంచెం కొంచెంగా తవ్వి తీసేస్తూ ఉంటే, ఇంకో జట్టు వెనకే వచ్చి ఆ గుంటలు పూడుస్తూ ఉంటుంది. చిన్నతనంలో పూడ్చేదే ఎక్కువ. ముప్ఫయ్యో ఏడు వచ్చేసరికి ఎముక ఎంత దిట్టపడాలో అంతా దిట్టపడిపోతుంది. తరువాత కొన్నేళ్లు రెండు పనులూ ఇంచుమించు సరిసమానంగా నడుస్తాయి. స్త్రీలకు అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను ఆ తవ్వే జట్టుకు కళ్లెం. బహిష్టులు ఆగిపోయే రోజుల్లో ఆ కళ్లెం వదులవుతుంది. తవ్వకం జోరందుకుంటుంది, పూడ్చేవాళ్లు వెనకబడతారు. ఆగిన తరువాత మొదటి అయిదారేళ్లూ ఈ నష్టం మరీ వేగంగా ఉంటుంది. ఆ కాస్త కాలంలోనే కొందరు తమ ఎముకలో పదో వంతు, కొందరు అయిదో వంతు దాకా పోగొట్టుకుంటారు. మగవాళ్లకూ వయస్సుతోపాటు ఎముక తరుగుతుంది గాని ఇలా ఒక్క దిగుడుగా దిగిపోదు.

అన్ని ఎముకలూ ఒకేలా తరగవు. తొడ ఎముక నడిమి భాగం గొట్టంలాగా దిట్టంగా ఉంటుంది. మణికట్టు, వెన్నుపూసలు, తుంటి దగ్గర తొడ ఎముక మెడ, వీటి లోపల తేనెపట్టులాంటి సన్నని అల్లిక ఉంటుంది. ఆ అల్లికలోని పోగులు ముందు తెగుతాయి. అందుకే ఈ జబ్బుకు ఒక వరస ఉంది. యాభైలలో మణికట్టు, అరవైలలో వెన్నుపూసలు, డెబ్బై దాటాక తుంటి. 54 ఏళ్ల మనిషి పడేటప్పుడు చప్పున చెయ్యి చాస్తుంది, దెబ్బ చేతికి తగులుతుంది. 74 ఏళ్ల మనిషికి ఆ చురుకు ఉండదు, పక్కకు కూలబడుతుంది, దెబ్బ నేరుగా తుంటికి తగులుతుంది. ఈ సోదరి అక్కగారికి జరిగింది ఇదే. ఒకసారి ఇలా విరిగినవారికి మరో ఎముక విరిగే ప్రమాదం మిగతావారికంటె సుమారు రెట్టింపు. అయితే చెయ్యికీ తుంటికీ మధ్య పదేళ్లో ఇరవయ్యేళ్లో గడువు దొరుకుతుంది. వైద్యం జరగవలసింది ఆ గడువులోనే. మన దగ్గర అది చాలావరకు కట్టు విప్పి పంపడంతోనే గడిచిపోతోంది.

మన స్త్రీలకు ఈ లెక్క ఇంకా ముందే మొదలవుతుంది. పాశ్చాత్య దేశాలలో బహిష్టులు సగటున 51వ ఏట ఆగుతుంటే మన దేశంలో 46, 47కే ఆగుతున్నాయి. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిదిమందికి పైనే తేలారు. తెల్లబట్ట అవుతోందనీ, నడుము లాగుతోందనీ, ‘ఉంచుకుంటే కాన్సరవుతుంది, తీసేస్తే పీడా పోతుంది’ అని ఎవరో అన్నారనీ ముప్ఫై అయిదేళ్లకే తీయించుకుని వస్తారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఆ మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు లెక్క. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి మామూలుకంటె ముందే మందగిస్తాయి.

ఆపరేషను అయినవారు ఈ రోజే బీరువాలో వెతికి డిశ్చార్జి కాగితం చూసుకోండి. అండాశయాలు ఉంచారా, తీశారా అన్న సంగతే చాలామందికి తెలియదు. ‘పెద్దాపరేషను’ అని మాత్రం చెబుతారు. నలభై అయిదేళ్ల లోపే రెండు అండాశయాలూ తీసి ఉంటే స్త్రీల వైద్యురాలిని కలుసుకోండి. అటువంటివారిలో చాలామందికి, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, మామూలుగా బహిష్టులు ఆగే వయస్సు వచ్చేదాకా హార్మోను మాత్రలు ఇవ్వడం మంచిది. హార్మోను అనగానే ఇప్పుడు అందరూ భయపడుతున్నారు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారు. రొమ్ము కాన్సరు, గుండెపోటు, పక్షవాతం ఆ మాత్రలు వేసుకున్నవారిలో కొంత ఎక్కువగా కనిపించాయి. కాని ఆ పరిశోధనలో ఉన్నది 50 నుంచి 79 ఏళ్ల స్త్రీలు. ముప్ఫై ఎనిమిదేళ్లకే అండాశయాలు పోయిన అమ్మాయికి ఆ భయాన్ని అంటగట్టకూడదు.

ఇక నొప్పుల సంగతి. మోకాళ్లు పట్టుకుని వచ్చే ప్రతి ఆవిడా ‘ఎముకలు అరిగిపోయాయి, కాల్షియం రాయండి’ అంటుంది. మోకాలిలో అరిగేది ఎముక చివరన మెత్తలాగా ఉండే మృదులాస్థి. అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు. గుల్లబారిన ఎముక నొప్పి పెట్టదు. బి.పి. లాగే ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి నా ఎముకలు గట్టివి అనుకోవడమూ పొరపాటే.

వెన్నుపూసలైతే పడకుండానే విరుగుతాయి. వంగి బిందె ఎత్తినప్పుడు, బియ్యం బస్తా జరిపినప్పుడు, ఒక్కొక్కప్పుడు గట్టిగా దగ్గినప్పుడు పూస ముందువైపు నలిగి కూలబడుతుంది. కొందరికి నడుములో పట్టరాని నొప్పి వస్తుంది. చాలామందికి ఏ సంగతీ తెలియదు. మనిషి పొట్టి అవుతుంది, వీపు వంగుతుంది. ‘పెద్దతనం కదా’ అని ఊరుకుంటారు. దీనిని ముందు కనిపెట్టేది ఇంట్లోవాళ్లే. ఎప్పటి చీరే, ఎప్పటి కట్టే, కాని అంచు నేల రాస్తోంది. పాత జాకెట్టు వెనకవైపు పైకి లాగుతోంది. నిన్నటిదాకా అందిన దండెం అందడం లేదు. వయస్సులో ఉన్నప్పటి ఎత్తుకంటె ఒకటిన్నర అంగుళం తగ్గితే వెన్ను ఎక్స్‌రే తీయించాలి. పాత ఎత్తు తెలియకపోతే ఇవాళే గోడకు మడమలు ఆనించి నిలబడి, తల మీద అట్ట పెట్టించి, పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యండి. పిల్లల ఎత్తులు గోడ మీద గీసే ఇళ్లలో అమ్మమ్మకూ ఒక గీత ఉండవచ్చు.

ఎముక దిట్టాన్ని కొలిచేది డెక్సా స్కాను. పడుకోబెట్టి నడుమునూ తుంటినీ తీస్తారు. సూది లేదు, నొప్పి లేదు, పావుగంటలో అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి టి స్కోరు అనే అంకె ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన లెక్క ప్రకారం మైనస్ 2.5, అంతకంటె కిందికి పోతే ఆస్టియోపోరోసిస్. చిన్న దెబ్బకే తుంటి గాని వెన్నుపూస గాని విరిగినవారికి ఆ అంకెతో నిమిత్తం లేకుండా వైద్యం కావాలి. మణికట్టు విరిగిన మా సోదరివంటివారు స్కాను తీయించుకోవాలి. దానితోపాటు రక్తంలో కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. ఉచిత శిబిరాలలో మడమను యంత్రంలో పెట్టించి చీటీ ఇస్తారే, ఆ చీటీ చూసి బెంగపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు. దానిని బట్టి మందులు మొదలుపెట్టకూడదు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాలవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగినవారి ఎముక స్కానులో దిట్టంగానే కనిపించవచ్చు. దిట్టం వేరు, గట్టితనం వేరు. ఒకప్పుడు ఫ్లోరైడునే ఈ జబ్బుకు మందుగా ఇచ్చి చూశారు. 1990లో వెలువడిన అమెరికా పరిశోధనలో వెన్నుపూసలు దిట్టపడ్డాయి గాని మిగతా ఎముకలు విరగడం ఇంకా ఎక్కువైంది. మీరు ఏ నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు తప్పక చెప్పండి.

తిండి విషయానికి వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, బహిష్టులు ఆగిన స్త్రీలకు 1200 కావాలి. మన భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది. 100 గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అంతే రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240. నువ్వులు పది గ్రాములు పొడి చేసి అన్నంలో కలుపుకుంటే ఒక నూరు దాటుతుంది. మునగాకు పప్పు, ఉలవచారు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు, ఇవన్నీ మంచివే. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సాలేటు దానిని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. రాగిసంకటి రాయలసీమ ఇళ్లకు కొత్త కాదు. కోస్తా ఊళ్లలోనే రాగులంటే షుగరు వచ్చినవాళ్ల తిండి అని ఒక చిన్నచూపు.

పాలు ఇంటికి వస్తాయి, నిజమే. ముందు కాఫీలకు, తరువాత పిల్లలకు, మిగిలినవి తోడుకు. ఆ పెరుగు మగవాళ్లకూ పిల్లలకూ వడ్డించాక ఇంటావిడ వాటాకు మజ్జిగ మిగులుతుంది. అందులో ఎన్ని నీళ్లు పోస్తే కాల్షియం అంత పలచబడుతుంది. ఇది చదివే మగవారు రేపు రాత్రి భోజనం దగ్గర పెరుగు గిన్నె ఒకసారి చూడండి.

తిండిలో తక్కువైనది మాత్రతో పూరించాలి. తిండి సరిగా ఉన్నవారు పైన రెండేసి మాత్రలు మింగనక్కర్లేదు. కాల్షియం కార్బొనేటు మాత్ర భోజనం కాగానే వేసుకోవాలి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రతో గాని, థైరాయిడ్ మాత్రతో గాని కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు అడిగి వాడాలి.

విటమిన్ డి లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఇంత ఎండ కాసే దేశంలో దానికి కరువేమిటంటారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ పట్టణంలోనూ ఆరోగ్యంగా తిరిగేవారినే పరీక్షించి 2007లో ప్రకటించారు. పట్టణంలోనే కాదు, పల్లెల్లో కూడా చాలామందికి ఈ లోపం ఉంది, తినే కాల్షియమూ తక్కువే. అక్కడే చేసిన మరో పరిశీలనలో చర్మంలో విటమిన్ డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనని తేలింది. ఉదయపు నీరెండలో కూర్చోవడం హాయిగానే ఉంటుంది, కాని విటమిన్ డికి అది చాలదు. కిటికీ అద్దం లోంచి పడే ఎండ కూడా అంతే. వడగాడ్పులు లేని నెలల్లో, వడియాలు ఆరబెట్టే వేళకు చేతులూ మెడా కప్పుకోకుండా ఒక పావుగంట డాబా మీద ఉంటే మంచిది. లోపం ఉన్నవారికి 60,000 యూనిట్ల గుళిక వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. వారానికి రాసినదాన్ని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం మితిమీరి వాంతులు, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది.

ఇదంతా పునాది. ఇప్పటికే ఒకసారి విరిగి, స్కానులోనూ తక్కువ తేలినవారికి పునాది ఒక్కటే చాలదు. ఆ తవ్వే జట్టును అదుపు చేసే మందు కావాలి. ఎక్కువగా వాడేది అలెండ్రోనేట్, వారానికి ఒకే మాత్ర. దీనిని వేసుకునే పద్ధతి తప్పితే ఫలితం లేకపోగా అన్నవాహిక పూస్తుంది. ఉదయం లేచాక పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. కాఫీతో వద్దు, పాలతో అసలే వద్దు. తరువాత అరగంట ఏమీ తినకుండా, పడుకోకుండా కూర్చోవడమో నడవడమో చెయ్యాలి. అంతసేపు కూర్చోలేనివారికి, కడుపులో మంట ఉన్నవారికి ఏడాదికి ఒకసారి సెలైనులో ఎక్కించే జోలెండ్రోనిక్ ఆమ్లం ఉంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఈ రెండూ పనికిరావు. పళ్లు పీకించుకోవలసి ఉంటే ఆ పని ముందు ముగించుకోండి, ఎందుకంటే అరుదుగానైనా దవడ ఎముక మానకుండా ఉండిపోవచ్చు. మూడు నుంచి అయిదేళ్ల తరువాత కొనసాగించాలా వద్దా అని డాక్టరు చూస్తారు. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షను సంగతి వేరు. అది చెప్పకుండా మానేస్తే పోయిన జబ్బు రెట్టింపు వేగంతో తిరిగి వచ్చి వెన్నుపూసలు వరుసగా విరగవచ్చు. ఖర్చు భరించలేమనుకునేవారు దాన్ని మొదలుపెట్టకముందే ఆ మాట చెప్పాలి.

మరొక మాట గట్టిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో సూది వేయించుకుంటారు, పొట్లం కట్టి ఇచ్చిన పేరు లేని మాత్రలు వాడతారు. వారంలో లేచి తిరుగుతారు, ముఖం నిండుగా అవుతుంది, ‘చెయ్యి మంచిది’ అంటారు. వాటిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడు. మూడు నెలలు వరుసగా వాడితే చాలు, బహిష్టులు చేసిన నష్టానికి అది తోడవుతుంది. పేరు రాయని మందు మింగకండి. ఉబ్బసానికో కీళ్లవాతానికో పెద్ద డాక్టరే స్టెరాయిడు రాసి ఉంటే దానిని మీ అంతట మీరు ఆపవద్దు, ఎముకకు కూడా మందు రాయమని అడగండి.

ఎముక ఎలా ఉన్నా, పడకపోతే తుంటి చాలావరకు విరగదు. స్నానాలగదిలో నాచు, గడప, అరిగిన రబ్బరు చెప్పులు, మడతపడిన పట్టా, అటక మీది డబ్బా కోసం ఎక్కే స్టూలు, నేల రాసే చీర అంచు, రాత్రి లైటు వెయ్యకుండా బాత్‌రూముకు వెళ్లడం, ఇవే మన ఇళ్లలో శత్రువులు. గోడకు ఒక పట్టుకమ్మీ బిగించడానికి వడ్రంగికో మేస్త్రీకో ఒక పూట పని. శుక్లాలు ముదిరినవారు ఆపరేషను వాయిదా వెయ్యకండి. నిద్రమాత్రలు, బి.పి. మందులు వాడేవారు మంచం మీంచి దిగేముందు ఒక నిమిషం కూర్చోండి. రోజూ అరగంట నడక, గోడ పట్టుకుని మడమలెత్తి దించడం, ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టడం కాళ్లకు బలాన్నీ నిలకడనూ ఇస్తాయి. రుబ్బురోలూ బావిగిలకా పోయాక చేతులకు అసలు బరువే తగలడం లేదు. లీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని ఎత్తి దించినా పనికొస్తుంది. వెన్నుపూస విరిగినవారు మాత్రం నడుము ముందుకు వంచే ఆసనాలు వెయ్యకూడదు.

ఇంత చేసినా ఇంట్లో పెద్దావిడ పడి, లేవలేక, ఒక కాలు పొట్టిగా పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి. నూనె రాయవద్దు. నాటు కట్టుకు తీసుకువెళ్లవద్దు, అక్కడి ఎముకకు పైనుంచి కట్టే ఏ కట్టూ అందదు. ‘ఈ వయస్సులో ఆపరేషనా’ అని మంచం మీద ఉంచితే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తుంటి విరిగిన వృద్ధులలో ఏడాది తిరగకుండా పోయేవారు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. వీలైతే రెండు రోజుల లోపలే ఆపరేషను జరగాలి, మర్నాడే పట్టుకుని నిలబెట్టాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో నొప్పి మాత్రలూ కాల్షియమూ తప్ప ఇంకేమీ లేకపోతే, ఎముక గుల్లబారినదానికి మందు ఏదీ అని అక్కడే అడిగి రాయించుకోండి. రెండో తుంటి ఇంకా విరగలేదు కదా.